రోడ్డు మూసి అడిగిన ప్రశ్న

తెల్లవారుజామున బెజవాడలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్ళలో పెళ్ళి బట్టలకు పోతున్నది ఎవరో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పెట్టెలు తక్కువ, మడిచి పెట్టుకున్న ఖాళీ సంచులు ఎక్కువ. ఒంగోలు దాటాక లెక్కల కాగితం బయటికి వస్తుంది: పెళ్ళికూతురికి ఎన్ని చీరలు, ఆడపడుచుకు ఎంతలో, పెట్టుబడి చీరలు ఎన్ని. నెల్లూరు వచ్చేసరికి ఆ కాగితం మీద కనీసం ఒక గొడవ అయిపోయి ఉంటుంది. చెన్నై సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న పార్క్ స్టేషన్‌లో తాంబరం వైపు లోకల్ పట్టుకుంటే ఎగ్మోర్, చేట్‌పట్, నుంగంబాక్కం, కోడంబాక్కం, ఆ తర్వాత మాంబళం. దిగాల్సింది అక్కడే. దిగకూడదనుకున్నా జనమే దింపేస్తారు.

స్టేషన్ తూర్పు గుమ్మం తెరుచుకునేది రంగనాథన్ వీధిలోకి. దేశంలో అత్యంత రద్దీ బజార్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ వీధి పేరు తప్పకుండా వస్తుంది. నిజానికి అది ఒక సందు. రెండు పక్కలా అంతస్తుల మీద అంతస్తుల దుకాణాలు; నడుమ మనుషులు. స్టీలు గిన్నెల నుంచి పట్టుచీరల దాకా ఇక్కడ దొరకనిది లేదు, నిలబడే చోటు తప్ప. దీపావళికి ముందు పోలీసులు నిఘా మంచెలు కట్టి, మైకుల్లో గొలుసులు జాగ్రత్తని అరుస్తూ ఉంటారు. వాహనం రాలేనంత జనం ఉంటే ఆ వీధి దానంతట అదే నడక వీధి అయిపోతుందని దీన్ని చూస్తే తెలుస్తుంది. దానికి ప్లానర్లు అక్కర్లేదు. కానీ 2008లో ఈ వీధిలోనే ఒక పెద్ద దుకాణం అంటుకుంది. 2017 మే 31న పక్కనే ఉన్న ఉస్మాన్ రోడ్డులో చెన్నై సిల్క్స్ ఏడంతస్తుల భవనం అంటుకుని, మంటలు ఆరడానికి రోజుకు పైగా పట్టింది. చివరికి భవనాన్ని కూల్చేశారు. ఫైరింజను ఎంత లోపలికి రాగలదన్న ప్రశ్న ఇలాంటి వీధుల్లో గిరాకీ కంటే ముందు రావాలి. సాధారణంగా తర్వాతే వస్తుంది.

ఆ ఒత్తిడి తగ్గించడానికి కట్టిందే స్కైవాక్. మాంబళం స్టేషన్ నుంచి టీ.నగర్ బస్ టెర్మినస్ దాకా 570 మీటర్ల పొడవున్న ఆకాశ నడకదారి. 2023 మే 16న ముఖ్యమంత్రి హోదాలో స్టాలిన్ ప్రారంభించారు. ఖర్చు 28 కోట్ల రూపాయల పైచిలుకు. రైలు దిగి బస్సు ఎక్కాల్సిన ఉద్యోగికి ఇది వరం. సంచులతో వచ్చిన బెజవాడ కుటుంబానికి మాత్రం అంత ఉపయోగం లేదు. బజారుకు వచ్చినవాళ్ళు బజారు మీదుగా పోవాలనుకుంటారు గానీ బజారు పై నుంచి కాదు. పైన నడిచే మనిషికి కింద ఉన్న గాజుల బండి కనబడదు, గాజుల బండికి ఆ మనిషి కనబడడు. నడకదారి అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేసేది మాత్రమే అనుకునేవాళ్ళూ, నడకే బేరమని తెలిసినవాళ్ళూ ఒకే పట్టణానికి రెండు వేరు వేరు పటాలు గీస్తారు. టీ.నగర్‌లో ఆ రెండు పటాలూ ఒకదాని మీద ఒకటి కట్టేశారు.

మొదట ఇక్కడ బజారే లేదు, చెరువు ఉండేది. మైలాపూరు, మాంబళం నడుమ పొడుగ్గా సాగిన ఆ చెరువును ఇంగ్లీషువాళ్ళు లాంగ్ ట్యాంక్ అన్నారు. 1920ల్లో జస్టిస్ పార్టీ ప్రభుత్వం దాన్ని పూడ్చి, ప్రణాళిక ప్రకారం కొత్త పేట వేసింది. తెలుగువాళ్ళు ఇక్కడ కాసేపు ఆగి చుట్టూ బోర్డులు చదువుకోవచ్చు. టీ.నగర్ అంటే త్యాగరాయనగర్; పేటకు పెట్టిన పేరు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిది. తెలుగు మాట్లాడే దేవాంగ చేనేత కుటుంబంలో పుట్టినవాడు, మద్రాసు కార్పొరేషన్‌కు అధ్యక్షుడైనవాడు, 1920లో గవర్నరు పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చేయమంటే వద్దన్నవాడు. కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించిన ఘనత కూడా ఆయన కాలానిదే. పేట నడిబొడ్డున ఉన్న పార్కుది పానగల్ రాజా పేరు. కాళహస్తిలో పుట్టి 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని పదవిలో ఉన్న రామరాయణింగారు ఆయనే. ఉస్మాన్ రోడ్డు, జి.ఎన్. చెట్టి రోడ్డు, డాక్టర్ నాయర్ రోడ్డు, నటేశన్ వీధి... ఆనాటి ఆ పార్టీ పెద్దల హాజరుపట్టీ అంతా ఈ పేట వీధుల బోర్డుల మీదే ఉంది.

పానగల్ పార్కు చుట్టూ ఇప్పుడు మెట్రో రెండో దశ పనుల రేకుల గోడలు. లైట్‌హౌస్ నుంచి పూందమల్లి వైపు పోయే నాలుగో కారిడార్ ఇక్కడ భూమి లోపల నుంచి పోతుంది. 1928లో మొదలైన నల్లి పట్టు దుకాణం, దాని పక్కన మిగతా పట్టు మేడలు ఆ రేకుల మీదుగానే జనాన్ని లాక్కుంటున్నాయి. దాటి తూర్పుకు తిరిగితే పాండీ బజార్. రికార్డుల్లో పేరు సర్ త్యాగరాయ రోడ్డు. జస్టిస్ పార్టీ నాయకుడు సౌందరపాండ్యన్ పేరు మీద పాండీ బజార్ అయిందనేవాళ్ళు ఎక్కువ, పాండిచ్చేరి వ్యాపారుల వల్ల వచ్చిందనేవాళ్ళు కొందరు. ఆ తగాదా అక్కడే వదిలేసి నడుద్దాం.

నడవడానికి చోటుంది. మన బజార్లకు అలవాటైన కాళ్ళు మొదట దీన్నే నమ్మవు. రోడ్డుకు రెండు పక్కలా పరుపు రాళ్ళు వేసిన వెడల్పాటి బాట. కొన్నిచోట్ల అది పది మీటర్లు దాటుతుంది. కూర్చోవడానికి అరుగులు, పిల్లలు ఎక్కి దిగడానికి ఆట వస్తువులు, తల మీద పాత చెట్ల నీడ. నడుమ సన్నబడ్డ రోడ్డులో కార్లు, ఆటోలు, బస్సులు. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటుంది; లోపల కూతుళ్ళు జాకెట్టు ముక్కలు ఎంచుతుంటారు. 1939లో ఎం.జి. నాయుడు మొదలుపెట్టిన నాయుడు హాల్ ఈ వీధిదే. ఇక్కడి దుకాణాల్లో చాలామందికి తెలుగు వచ్చు. 'రండమ్మా, లోపల చూడండి' అని పిలవడానికి ముందు వాళ్ళు చూసేది మొహం కాదు, చీర కట్టు. 1982 మే 19న ఇదే వీధిలో శ్రీలంక తమిళ మిలిటెంట్ నాయకులు ప్రభాకరన్, ఉమా మహేశ్వరన్ ఒకరి మీద ఒకరు తుపాకులు పేల్చుకున్నారని ఎవరైనా చెబితే, ఇప్పుడు ఐస్‌క్రీం తింటున్న పిల్లల్ని చూస్తూ నమ్మడం కష్టం.

ఈ వెడల్పాటి నడకబాటను 2019 నవంబరు 13న అప్పటి ముఖ్యమంత్రి పళనిస్వామి ప్రారంభించారు. స్మార్ట్ సిటీ పథకం కింద సుమారు 40 కోట్ల రూపాయలతో చేసిన పని. రిబ్బను కత్తిరించడానికి ఒక నిమిషం పట్టి ఉంటుంది. దానికి ముందు ఏళ్ళ తరబడి నడిచిన కథే అసలు సంగతి.

ఆ కథ ఖాళీ చేయించడంతో మొదలవుతుంది. పాండీ బజార్ ప్లాట్‌ఫారం మీద హెయిర్ పిన్నులు, గిల్టు నగలు, లంగా నాడాలు, కర్చీఫులు అమ్ముకునేవాళ్ళు తరాలుగా ఉన్నారు. పెద్ద దుకాణాలకు వచ్చే మధ్యతరగతి ఆడవాళ్ళు తిరుగుదారిలో కొనేది వీళ్ళ దగ్గరే. నడవడానికి చోటు లేదన్న ఫిర్యాదులు, కోర్టు కేసులు, మాజీ న్యాయమూర్తి ఆధ్వర్యంలో కమిటీ — ఇవన్నీ అయ్యాక 2013లో సుమారు 600 మందిని అదే రోడ్డులో కట్టిన అంతస్తుల హాకర్ల భవనంలోకి పంపారు. ఎవరికి ఏ గది అన్నది లాటరీ తేల్చింది.

ఆ భవనంలోకి వెళ్ళి చూడాలి. కింది అంతస్తులో కాస్త సందడి ఉంటుంది. మెట్లెక్కిన కొద్దీ అది పలచబడుతుంది. రోడ్డు మీద పిన్నుల పాకెట్టు కొనేవాళ్ళు దాని కోసం ఇంటి నుంచి బయలుదేరరు. కంటికి కనబడితే కొంటారు, లేకపోతే లేదు. పది రూపాయల వస్తువు కోసం రెండంతస్తులు ఎక్కేవాళ్ళు ఎవరు? పైనున్న వ్యాపారులు మొదటి నుంచీ చెబుతున్నది ఇదే: చోటు ఇచ్చారు, బేరం ఇవ్వలేదు. ఆ భవనం ప్లాను గీసినవాళ్ళు నాడాలు అమ్మే ఒక్క ముసలమ్మను పిలిచి 'మీ దగ్గర ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఆగుతారమ్మా' అని అడిగి ఉంటే మెట్ల బదులు ఇంకేదైనా గీసేవాళ్ళేమో. ప్రజాభిప్రాయ సేకరణ అని మనం గంభీరంగా పిలుచుకునేదానికి ఇంతకంటే పెద్ద ప్రశ్న అక్కర్లేదు.

కాలం చేసిన చోద్యం ఏమిటంటే, వాళ్ళు ఆ మెట్లెక్కిన కొద్ది నెలలకే 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. వీధిలో అమ్ముకోవడం, హద్దులకు లోబడి, రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని సుప్రీంకోర్టు 1989లోనే సోదాన్ సింగ్ కేసులో చెప్పింది. చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. సర్వే పూర్తయి, గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదంది. ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలని, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే తమలో నుంచి ఎన్నుకున్నవాళ్ళు ఉండాలని, ఆ ఎన్నికైనవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు కావాలని రాసింది. కాగితం మీద చూస్తే, మన దేశంలో ఒక బజారు వీధి బాగోగుల గురించి మాట్లాడేటప్పుడు బల్ల దగ్గర కుర్చీ కచ్చితంగా దక్కాల్సింది ప్లాట్‌ఫారం మీద కూర్చునేవాళ్ళకే. పెద్ద షోరూముల యజమానులకు ఇంత పటిష్ఠమైన చట్టబద్ధ హామీ లేదు. వాళ్ళకు అవసరమూ లేదు. కమిషనరు ఫోన్ నంబరు ఉంటుంది.

అదే 2014లో చెన్నై కార్పొరేషన్ ఇంకో పని చేసింది. మోటారు లేని రవాణాకు, అంటే నడకకూ సైకిలుకూ, ఒక విధానం ఆమోదించింది. దేశంలో అలా చేసిన మొదటి నగరం అదే. రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం నడిచేవాళ్ళ మీద, సైకిలు తొక్కేవాళ్ళ మీద ఖర్చు పెట్టాలన్నది అందులోని మాట. ఇలాంటి విధానాలు మన దగ్గర చాలా ఉన్నాయి, చదువుకోవడానికి బాగుంటాయి. చెన్నై విషయంలో తేడా ఏమిటంటే ఐటీడీపీ అనే రవాణా సంస్థ పక్కన నిలబడి వీధులకు డిజైన్లు గీసి ఇచ్చింది, ఇంజినీర్లకు చూపించింది. ఆ డిజైన్లలో అందరి కళ్ళూ పడ్డది పాండీ బజార్ మీద.

దుకాణదారులు మొదట ఒప్పుకోలేదు. ప్రపంచంలో ఎక్కడైనా ఏ బజారులోనైనా వాళ్ళ భయం ఒక్కటే: కారు ఆగకపోతే గిరాకీ ఆగదు. లక్ష రూపాయల పట్టుచీర కొనేవాళ్ళు నడిచి వస్తారా అని వాళ్ళు అడిగే ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అద్దె, జీతాలు, వడ్డీ కట్టేది వాళ్ళు. డిజైనరు తప్పు చేస్తే ఇంకో ఊరికి పోతాడు, దుకాణదారు ఎక్కడికి పోతాడు? ఈ భయాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేసే ప్లానర్లు ఒక్క నెల కౌంటరు వెనక కూర్చుని చూడాలి.

భయం నిజమే గానీ దాని వెనక ఉన్న లెక్క చాలాసార్లు తప్పు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఒక బజారు వీధి దుకాణదారులను అడిగితే తమ గిరాకీలో 41 శాతం కార్లలో వస్తారన్నారు. కొనడానికి వచ్చినవాళ్ళనే ఆపి అడిగితే కార్లలో వచ్చింది 22 శాతం. సస్ట్రాన్స్ అనే సంస్థ 2006లో బయటపెట్టిన లెక్క ఇది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో కూడా ఇలాంటి తేడానే తేలింది. దుకాణదారు అబద్ధం చెప్పడం లేదు. కారులో వచ్చినవాళ్ళు గుమ్మం ముందు దిగుతారు, కంట్లో పడతారు, పార్కింగు లేదని గొణుగుతారు. బస్సు దిగి, లోకల్ దిగి నడిచి వచ్చినవాళ్ళు గొణగరు. డబ్బు ఇచ్చి పోతారు. మాంబళం స్టేషన్ నుంచి రోజూ పోటెత్తే జనాన్ని చూస్తూ కూడా టీ.నగర్ కార్ల మీద బతుకుతోందని నమ్మడానికి చాలా సాధన కావాలి.

సమావేశం పెట్టి ఇవన్నీ చెబితే ఎవరూ మారరు. సమావేశానికి ఎవరు వస్తారన్నది కూడా ఉంది. పగటిపూట హాలులో పెడితే సంఘం పెద్దలు, ఇళ్ళ యజమానుల ప్రతినిధులు వస్తారు. పూలు కట్టే ఆమె బేరం వదులుకుని రాదు. సేల్స్‌గర్ల్ రాదు, రోజంతా నిలబడే ఉద్యోగం ఆమెది. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి ఏడాదికి ఒకసారి వచ్చి ఈ వీధికి లక్షలు పోసిపోయే కుటుంబాలు అసలే రావు. వాళ్ళకు ఓటూ ఇక్కడ లేదు, గొంతూ లేదు.

పాండీ బజార్‌లో ఆ చిక్కుముడి విప్పింది మాటలు కాదు. నిర్మాణానికి ముందే ప్రయోగంగా బారికేడ్లు అడ్డం పెట్టి రోడ్డు మీదికి వాహనాలు రాకుండా ఆపి చూశారు. పక్క వీధుల్లోకి ట్రాఫిక్ మళ్ళించారు. ఖాళీ అయిన తారు మీద పిల్లల్ని ఆడుకోమన్నారు. సిమెంటు పోయలేదు, రాయి పాతలేదు. వద్దనుకుంటే మర్నాటికి బారికేడ్లు తీసేయొచ్చు. ఈ తీసేయొచ్చు అన్నదాంట్లోనే మర్మమంతా ఉంది. కాగితం మీది గీతలు చూసి సంతకం పెట్టమంటే అనుమానం వస్తుంది. మూసిన రోడ్డులో జనం తగ్గారా పెరిగారా అన్నది దుకాణదారు తన గుమ్మంలో నిలబడి తానే చూసుకోవచ్చు. ఏ పక్క వీధిలో ఆటోలు ఇరుక్కుపోయాయో, ఏ ఇంటివాళ్ళు కారు బయటికి తీయలేక తిట్టుకున్నారో అధికారికీ తెలుస్తుంది. అడిగినవాడికీ జవాబిచ్చినవాడికీ ఒకేసారి కళ్ళు తెరుచుకుంటాయి.

ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో స్ట్రొయెట్ అనే ప్రధాన బజారు వీధిని 1962 నవంబరు 17న వాహనాలకు మూసినప్పుడు దాన్ని ప్రయోగమనే చెప్పారు. ఇది ఎండలుండే ఇటలీ కాదు, ఈ చలిలో వీధిలో ఎవరు తిరుగుతారని వ్యాపారులు మండిపడ్డారు. జనం తిరిగారు. 1964లో శాశ్వతం చేశారు. ఒక కిలోమీటరుకు పైగా ఉన్న ఆ వీధిని చూడటానికే ఇప్పుడు విమానాలు దిగుతాయి. నవంబరు చలిలో డేన్ల మీద పనిచేసింది ఏప్రిల్ ఎండలో చెన్నై మీద పనిచేస్తుందా అన్న అనుమానానికి జవాబు చెట్లిచ్చాయి. పాండీ బజార్‌లో నీడ లేని ముక్కలో మధ్యాహ్నం ఎవరూ ఆగరు, నీడ ఉన్న ముక్కలో అరుగు ఖాళీ దొరకదు.

చివరికి కట్టింది మొదట అనుకున్నదానికి అచ్చుగుద్దినట్టు లేదు. వాహనాలను పూర్తిగా ఆపలేదు. రోడ్డును కుదించి, రెండు పక్కలా నడకదారి పెంచారు. రోడ్డు పక్క పార్కింగుకు మిగతా వీధుల కంటే ఎక్కువ రుసుము పెట్టారు. దగ్గర్లోనే అంతస్తుల పార్కింగు భవనం కట్టారు. కార్లు పోవాలన్నవాళ్ళకూ కార్లు కావాలన్నవాళ్ళకూ సగం సగం దక్కింది. దీన్ని రాజీ అనేవాళ్ళు ఉన్నారు, లొంగుబాటు అనేవాళ్ళూ ఉన్నారు. సాయంత్రం ఏడింటికి ఆ వీధి చివరిదాకా నడిచినవాళ్ళు ఒకటి మాత్రం ఒప్పుకుంటారు: ఏమీ కొనని మనిషి కూడా ఇక్కడ గంటసేపు ఉండగలడు. మన బజార్లలో ఏమీ కొననివాళ్ళకు చోటు ఉండటం చిన్న విషయం కాదు. రంగనాథన్ వీధిలో కొనడం ఆపితే తోసేస్తారు.

అందంగా ఉన్న ప్రతిదీ అలాగే ఉండిపోలేదు. ప్రారంభమైన కొన్నాళ్ళకే నడకదారి మీద మోటారు సైకిళ్ళు ఎక్కాయి. కొన్ని అరుగులు, రాళ్ళు దెబ్బతిన్నాయి. లేపేసిన చోటికే చిరు వ్యాపారులు మెల్లగా తిరిగొచ్చారు. పోలీసో కార్పొరేషన్ లారీయో కనబడగానే మూటకట్టి సందుల్లోకి జారుకోవడం, మళ్ళీ పరవడం. పట్టణం ఖర్చుపెట్టి తయారుచేసిన విశాలమైన బాట మీదే అమ్ముకునేవాళ్ళకు అధికారికంగా అంగుళం చోటు చూపకపోతే జరిగేది ఇదే. వెడల్పాటి ప్లాట్‌ఫారం వచ్చాక పిన్నుల పాకెట్టుకు గిరాకీ పెరుగుతుందని ముందే తెలుసుకోవడానికి సర్వే కూడా అక్కర్లేదు. డిజైనులోనే గీతలు గీసి, పేర్లు రాసి, కొందరికైనా చోటు ఇచ్చి ఉంటే మూటలు కట్టే ఆ దాగుడుమూతలు సగం తగ్గేవి. రోడ్డు మూసి దుకాణదారులను అడిగినంత ఓపికగా హాకర్లను అడగలేదన్నదే పాండీ బజార్ మీద మిగిలిపోయిన ఫిర్యాదు. కట్టడానికి ముందు అడిగేవాళ్ళు కట్టాక అడగడానికి రాకపోవడం ఇంకొకటి.

తెలుగు నేల మీది బజార్లను ఇక్కడి నుంచి తలుచుకుంటే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో మెట్రో గీత ముందు గీశారు, వ్యాపారులతో మాట ఆ తర్వాత వచ్చింది. బజారు చచ్చిపోతుందని ఏళ్ళ తరబడి బంద్‌లు, ధర్నాలు. తెలంగాణ వచ్చాక దారి మళ్ళిస్తామన్న మాట, మళ్ళీ పాత దారికే రావడం. చివరికి 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా రైలు నడిచింది, సుల్తాన్ బజార్ పేరుతోనే స్టేషన్ వెలిసింది. చార్మినార్ దగ్గర పాదచారుల పథకం ఒకటి రెండు దశాబ్దాలకు పైగా సాగింది. వాహనాలు ఆపి రాళ్ళు పరిచిన చోట తోపుడు బండ్లు నిండిపోయాయి. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది గానీ, ఆ గాజుల దుకాణం ముందు బండి పెట్టుకునే కుర్రాడికి గుర్తింపు కార్డు దక్కడం ఇప్పటికీ వేరే పోరాటమే. బెజవాడ బీసెంట్ రోడ్డు సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ దుకాణదారులూ హాకర్లూ ఒకరినొకరు చూసుకునే చూపులు పండగ పండక్కీ మారుతుంటాయి. అక్కడ ఒక ఆదివారం బారికేడ్లు పెట్టి, బండ్లకు సున్నంతో గీతలు గీసి, ఏమవుతుందో చూడటానికి కోట్లు అక్కర్లేదు. సున్నం డబ్బాలు చాలు, ఒక నెల ఓపిక చాలు.

చెన్నై మాత్రం తర్వాతి వీధికి పోయింది. పాండీ బజార్ తరహాలో పాత చాకలిపేటలోని ఎం.సి. రోడ్డును తీర్చిదిద్దాలని కార్పొరేషన్ తలపెట్టింది. టీ.నగర్ నుంచి అక్కడికి పోవాలంటే నగరాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటాలి. అన్నాసాలై మీద మెట్రో ఎక్కితే, సెంట్రల్ దాటి, చాకలిపేట దాటిన వెంటనే వచ్చే భూగర్భ స్టేషన్ పేరు సర్ త్యాగరాయ కాలేజ్. అదే పెద్దమనిషి, దక్షిణాన పేటగా, ఉత్తరాన కాలేజీగా.

ఎం.సి. రోడ్డులో నీడ తక్కువ, పట్టు మేడలు తక్కువ. ఉన్నది బట్టల టోకు బేరం. అక్కడ కొనేవాళ్ళలో చిన్న ఊళ్ళ దుకాణదారులు చాలామంది. ఒక చీర కొనరు, మూట కొంటారు. ఆ మూటను మోసేది తలకు గుడ్డ చుట్టుకున్న హమాలీ, లాగేది చేతిబండి, రాత్రి ఎక్కించేది వ్యాను. కూర్చోవడానికి అరుగులు ఇక్కడా అవసరమే. కానీ బండి ఎక్కడ ఆగాలి, మూట ఎన్నింటికి దించాలి, వ్యాను ఏ సందులోంచి వెనక్కి తిరగాలి అన్నవి ఇక్కడ అరుగుల కంటే ముందు తేలాలి. పాండీ బజార్ నమూనాను అచ్చంగా తెచ్చి పరిస్తే మొదటి రోజే హమాలీలు దాన్ని తిట్టుకుంటారు. ఈ వీధిలోనూ రోడ్డు మూసి చూస్తే మంచిదే. అయితే ఆదివారం మధ్యాహ్నం కాదు, సరుకు దిగే రాత్రి పదింటికి మూసి చూడాలి.